కొండ చాటు ఏరు

తెనుగున ప్రవాహములకు వరుసగా పేరులు గలవు. దూరము నడచి సముద్రమును జేరునది నది. దానికి లోబడినది ఏరు. వానతో వచ్చి వానతో బోవునది వాగు. మనుష్యుడు త్రవ్వినది కాలువ. ఈ వరుసలో నదికి పురాణము గలదు, పుష్కరము గలదు, ఒడ్డున దేవళము గలదు. ఏటికి సామెత మాత్రము గలదు. ఏరు దాటువరకు ఓడ మల్లన్న, దాటిన పిమ్మట బోడి మల్లన్న. అవసరము తీరినంతనే మనము మరచిపోవు అట్టి యేటిని గూర్చియే ఈ పూట నేను నాలుగు మాటలు చెప్పబూనితిని. దాని పేరు బుడమేరు.

బెజవాడవారిని మీ నది యేదని యడిగినచో కృష్ణ యని చెప్పుదురు. అది న్యాయమే. మహాబలేశ్వరమున బుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడచి, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ సందు చేసికొని వచ్చిన మహానది యది. కొండకు బెజ్జము పడినందున ఊరు బెజ్జమువాడ యైనదనియు, అదియే బెజవాడ యైనదనియు జనశ్రుతి. గుడి కృష్ణవైపు, స్నానఘట్టములు కృష్ణవైపు, ఆనకట్ట కృష్ణమీద. ఈ నగరపు చరిత్ర వ్రాసినవారందరును దక్షిణముఖముగా గూర్చుండి వ్రాసిరి. మనము కొంచెముసేపు ఉత్తరముఖముగా గూర్చుందము. కొండల వెనుక, కృష్ణకు కొలదిమైళ్ల యెడమున, మరియొక ప్రవాహము పడమటినుండి తూర్పునకు బోవుచున్నది. సంవత్సరములో చాల మాసములు అది యున్నదన్న సంగతియే పట్టణమునకు దెలియదు.

పొట్టి నదుల స్వభావము పొడుగు నదుల స్వభావమునకు భిన్నము. దీనిని గ్రహించుటకు చాల దూరముననున్న యొక నదిని ముందు చూతము. కారకోరము పర్వతములలో, బాల్టిస్తాన ప్రాంతమున, షిగార్ అను నది గలదు. బియాఫో, బాల్టోరో మొదలగు హిమానీనదములు కరగిన నీటిని బ్రాల్డూ ప్రవాహము తెచ్చును. బాషా యను వేరొక ప్రవాహము దానితో గలియును. రెండును షిగార్ అయి, స్కర్దూ యొద్ద సింధునదిలో బడును. ఈ నది మేఘమును జూచి కాక సూర్యుని జూచి నడచును. చలికాలమున సన్నగిల్లును, ఎండలు ముదిరిన కొలది లావెక్కును. వేసవిలో ఒక్క దినమునందే పగటి యెండకు మంచు కరగి ప్రవాహము పెరుగును, రాత్రి చలికి తగ్గును. ఒడ్డున నివసించువారు ఈ గడియారము నెరిగి పొలములకు నీరు పెట్టుకొందురు. ఇట్టి నదులకును అప్పుడప్పుడు పిచ్చి పుట్టుట కలదు. 2023 అక్టోబరు 3వ తేది రాత్రి సిక్కిమునందు దక్షిణ ల్హోనక్ అను మంచుసరస్సు గట్టు తెగి, తీస్తానది మీద చుంగ్‌థాంగ్ యొద్ద కట్టిన ఆనకట్టను సయితము ఊడ్చుకొనిపోయెను. కాని సామాన్యముగా మంచునది కొట్టుగల రైతువంటిది. ధాన్యము నిలువయుండును, దినదినమును కొలచి తీయును.

మన బుడమేరు దినకూలి. దాని కొండలమీద మంచు లేదు, నిలువ లేదు. మేఘము కూలి యిచ్చిననాడు వచ్చినదంతయు దెచ్చి ఒక్కపూటలో గుమ్మములో గుమ్మరించును. మరునాటికి మరల బీదది. కృష్ణానదికి ఎగువను వానపడినచో ఆ నీరు దిగువకు వచ్చుటకు దినములు పట్టును. నడుమ శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల కావలి యున్నవి. ముందుగా వార్త చేరును, లెక్కలు కట్టుకొనుటకు వ్యవధి యుండును. బుడమేటి కొండలమీద రాత్రి వాన కురిసినచో తెల్లవారునప్పటికి నీరు ఊరి వాకిట నుండును. పొట్టి యేటి ప్రమాదమంతయు దాని పొట్టితనములోనే యున్నది.

ఇక దాని దారిని బట్టి నడుతము. మైలవరమన్నచో తెనుగువారికి ముందుగా బాలభారతీ నాటకసమాజము గుర్తునకు వచ్చును. ఆ మైలవరము చుట్టును గల కొండలే బుడమేటికి పుట్టినిల్లు. అక్కడి వాగులు పెక్కు గలసి వెలగలేరు ప్రాంతమునకు వచ్చునప్పటికి ఏరు ఒక రూపము దాల్చును. ఇచ్చట దానికి దక్షిణమున కొండపల్లి కొండలు గోడవలె నిలిచియున్నవి. బొమ్మలు చెక్కు తెల్లపొణికి కర్ర దొరకు కొండలివియే. రెడ్డిరాజుల నాటి దుర్గము వీనిమీదనే యున్నది. ఈ కొండలు లేకున్నచో బుడమేరు తిన్నగా దక్షిణమునకు దిగి కృష్ణలో గలిసి, వేయి వాగులలో నొక వాగై యుండెడిది. కొండలు అడ్డుపడుటచేత అది వాని వీపు వెంబడి తూర్పునకు దిరిగినది. కవులూరు, రాయనపాడు మీదుగా వచ్చి, బెజవాడకు ఉత్తరమున బయలునేలలో బడినది.

బయట బడినది గదా, ఇక కృష్ణలోనికి పోరాదా యని మీరడుగవచ్చును. పోజాలదు. దానికి కారణము డెల్టా పుట్టుకలోనే యున్నది. పర్వతప్రాంతమున నది లోయలో పారును, ఇరుప్రక్కల నేల ఎత్తుగా నుండును. డెల్టాలో ఈ యేర్పాటు తలక్రిందగును. వేలకొలది యేండ్లు వరదలు తెచ్చిన ఒండ్రు ముందుగా నది యొడ్డుననే దిగబడును. అందుచే ఒడ్డు పెరుగును, నదికి దూరమైన కొలది నేల పల్లమగును. కృష్ణ మన డెల్టాలో ఇంటికప్పు నడినెత్తిమీద పారునట్లు పారుచున్నది. గోదావరియు అట్లే. ఈ రెండు కప్పుల చూరులు కలిసిన చోట నిలిచిన నీరే కొల్లేరు. ఒకప్పుడు సముద్రపు పాయగా నుండి, రెండు నదుల ఒండ్రుచేత తీరము ముందునకు జరుగగా, లోపల చిక్కుకొనిపోయిన సరస్సది. నీరు పల్లమెరుగును. బెజవాడ యుత్తరపు బయలునకు పల్లము కృష్ణ కాదు, కొల్లేరే. కావున బుడమేరు కన్నులయెదుట మహానదిని బెట్టుకొనియు దానిని గలియక, గుణదల, రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు దాటి, నందివాడ వైపు సాగి, కొల్లేటిలో బడుచున్నది. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కూడ ఆ సరస్సునకే వచ్చును. ఇందరి నీటిని సముద్రమునకు మోయవలసినది ఒక్క ఉప్పుటేరు. అదియు వంకరలు గలది, సముద్రపు పోటుకు వెనుకకు తన్నునది.

మానవుడు చేయి పెట్టకముందు భూమి చేసిన యేర్పాటు ఇది. ఏరు పొంగినపుడు బయలంతయు పరచుకొని, కొన్నినాళ్లు నిలిచి, మెల్లగా కొల్లేటికి జారెడిది. నిలిచిన చోట ఇండ్లు లేవు గనుక దానిని వరద యని యెవ్వరును అనలేదు.

1832-33 సంవత్సరములలో గుంటూరు మండలమున వచ్చిన కరవును పెద్దలు డొక్కల కరవని చెప్పుకొనెడివారు. కృష్ణ నిండుగా పారుచుండగనే ఆ యొడ్డునందు జనులు లక్షలసంఖ్యలో అన్నములేక చచ్చిరి. నీటిని నిలిపి పొలములకు మరల్చవలెనను తలంపు బలపడినది ఆ పిమ్మటనే. గోదావరిమీద సర్ ఆర్థర్ కాటన్ దొరవారి ఆనకట్ట ఫలించినపిదప, కృష్ణమీద బెజవాడ యొద్ద 1852లో పని మొదలై, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1855లో ముగిసినది. ఆనకట్ట ఎడమవైపునుండి బందరు కాలువయు, ఏలూరు కాలువయు, రైవసు కాలువయు బయలుదేరెను. డెల్టా బ్రదుకు మారిపోయినది. ఆ మేలును తక్కువచేయుట నా యుద్దేశము గాదు. ఈ కాలువల పుణ్యమున మూడు తరములు అన్నము తిన్నవి.

ఐనను ఏలూరు కాలువ నడచిన దారి నొకసారి గమనింపుడు. పొలములకు నీరు పారవలెనన్నచో కాలువ మెరకమీద పోవలెను. బెజవాడనుండి ఈశాన్యముగా, ఏలూరివైపు, మెట్టకును డెల్టాకును నడిమి అంచున అది సాగినది. కొండలనుండి కొల్లేటికి బోవు ప్రతి యేరును ఈ యంచును దాటితీరవలెను. ఇంజనీర్లు తెలివిగలవారు. కాలువను పైన బోనిచ్చి, ఏటిని దాని క్రిందుగా సొరంగమార్గమున బంపిరి. ఎనికేపాడు యొద్ద బుడమేరు ఏలూరు కాలువ క్రిందుగానే పోవలెను. కాలువమీద పడవలు, క్రింద ఏరు. ఆ దినములలో చెన్నపట్టణమునుండి బకింగుహాము కాలువ, కొమ్మమూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, ఏలూరు కాలువలో కాకినాడవరకు పడవ ప్రయాణము సాగెడిది. ఉప్పు, ధాన్యము, పెండ్లివారు, అందరును దానిమీదనే. ఆ ముచ్చట వేరొకనాటిది.

బుడమేటి విషయమున అసలు చిక్కు ఇక్కడ పుట్టినది. బయలంతయు పరచుకొని పోవుటకు అలవాటుపడిన యేటికి ఇంత వెడల్పున పొమ్మని ఒక గుమ్మము పెట్టిరి. గుమ్మము సామాన్యదినములకు చాలును. అసామాన్యదినమున నీరు గుమ్మముముందు గుమిగూడును. సొరంగమునకు కొలత గలదు, మేఘమునకు కొలత లేదు. పిమ్మట 1889లో నైజాము రైలుమార్గము బెజవాడకు వచ్చినది. 1893లో కృష్ణమీద రైలువంతెన లేచి, చెన్నపట్టణపు మార్గమును కలిసినది. ఊరు పెద్ద కూడలి యయ్యెను. రైలునకును కట్ట కావలెను, రోడ్డునకును కట్ట కావలెను. కట్ట వేసిన ప్రతివారును ఏటికి ఒక మోరి విడిచితిమని తృప్తిపడిరి. ఒక్కొక్క మోరి యొక్కొక్కరి లెక్కకు సరిపోయెను. అన్నిటిని గలిపి ఏటివైపునుండి లెక్క చూచినవారు లేరు.

ఇక వరదల సంగతి. 1952లో కృష్ణ పాత ఆనకట్టను తెంచినది. దానిస్థానమున కట్టిన వంతెనయానకట్ట 1957లో పూర్తియై, ప్రకాశము పంతులుగారి పేరు దాల్చినది. 1964 వరదల తరువాత డెల్టా మురుగునీటి సంగతియు, కొల్లేటి సంగతియు విచారించుటకు మిత్ర సంఘమును నియమించిరి. నీరు తెచ్చుట యొక విద్య, తీయుట వేరొక విద్య యని మనకు అప్పుడు గాని బాగుగా బోధపడలేదు. బుడమేటికి చేసిన చికిత్స వెలగలేరు యొద్దిది. అచ్చట ఏటికి అడ్డముగా తలుపులుగల రెగ్యులేటరు నిలిపి, అక్కడినుండి కొండపల్లి ప్రక్కగా ఇబ్రహీంపట్టణమువైపు ఒక మళ్లింపు కాలువ త్రవ్విరి. కొండలు వేయియేండ్లు కాచిన గోడకు మనుష్యుడు దొడ్డిగుమ్మము పెట్టినాడు. ఏరు ఊరిమీదికి రాక, ఆనకట్టకు ఎగువనే కృష్ణలో గలియవలెనని ఊహ.

నేను ఆ రెగ్యులేటరు మీద నిలిచి చూచినది వైశాఖమాసమున. ఏటిలో మోకాలిలోతు నీరు లేదు. తుంగ పెరిగియున్నది. గేదెలు పడియున్నవి. ఒక ముసలి రైతు గట్టున గూర్చుండియుండెను. ఈ యేటికింత కట్టడమా యని నేనన్నాను. ఆయన నవ్వి, "ఇప్పుడట్లే యుండునయ్యా, నిద్రపోవు పసివాని జూచి ఇల్లు పీకునని యెవరనుకొందురు?" అన్నాడు. నేను చదివిన ఇంజనీరుల నివేదికలలో బుడమేటి గుణమును ఇంత బాగుగా జెప్పిన వాక్యము లేదు.

మళ్లింపు కాలువ మంచి ఊహయే. కాని అందొక మెలిక గలదు. కాలువ కొన కృష్ణలో నున్నది. కృష్ణ తక్కువగా నున్నపుడు నీరు హాయిగా దిగును. కృష్ణయే వరదలో నున్నప్పుడో? నిండిన కుండలో చెంబెడు ఒంపినట్లగును. కాలువలో నీరు నిలబడును, వెనుకకు తన్నును, గట్లు నానును. ఇక వెలగలేరు తలుపులెత్తి పాతదారిన ఊరిమీదికి విడువక తప్పదు. బంగాళాఖాతపు వాయుగుండము వచ్చినపుడు కృష్ణకొక వాన, బుడమేటికొక వాన యని పంచిపెట్టదు. రెండిటిమీదను ఒకేనాడు కురియవచ్చును. అవసరము లేనినాడు చక్కగా పనిచేసి, మిక్కిలి అవసరమైననాడు చేయి యెత్తు కాలువను నమ్ముకొని, మనము నిశ్చింతగా నిద్రించితిమి. 2005 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి ఈ సంగతి యొకసారి చెప్పినది. అదే యేడు జూలై 26న బొంబాయిలో, శాంతాక్రూజు యొద్ద, ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురియగా, మీఠీ యను పొట్టి యేరు ఆ మహానగరమును ముంచెను. లోకమంతయు బొంబాయిని గూర్చి మాటలాడినది. మనదానిని మనమే మరచితిమి.

2015లో ఇదే మళ్లింపు కాలువకు వేరొక యోగము పట్టినది. పట్టిసీమ యొద్ద గోదావరినుండి ఎత్తిపోసిన నీరు పోలవరము కుడికాలువ వెంట వచ్చి, దీనిగుండనే కృష్ణలో గలిసినది. ఇబ్రహీంపట్టణము యొద్ద ఆ కలిసినచోటికి పవిత్రసంగమమని పేరు పెట్టిరి. హారతులు పట్టిరి. బుడమేటికోసము త్రవ్విన కాలువ యందు గోదావరికి పూజ జరిగినది. బుడమేటి పేరెత్తినవారు లేరు. అది దాని జాతకము.

ఈలోపల ఊరు ఉత్తరమునకు పెరిగినది. దక్షిణమున కృష్ణ, పడమట కొండ. పెరుగుటకు తావెక్కడ? రైలుకట్ట కవతల, ఏటి బయలులో, నేల చౌకగా దొరికినది. అజిత్ సింగ్ నగరము, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము, కండ్రిక, నందమూరి నగరము, జక్కంపూడి కాలనీ, ఇట్లు పేటమీద పేట వెలసెను. అచ్చట నిండ్లు కట్టుకొన్నవారు ఎక్కువమంది దినమునకు దినము సంపాదించుకొనువారు. ఆటో నడుపువారు, తాపీపనివారు, రైలు కార్ఖానాలలో పనిచేయువారు, ఇండ్లలో పాచిపని చేసికొనువారు. ఏటి పల్లములో నిల్లు కట్టినారేమని వారిని నిందించుట నేను విన్నాను. ఆ మాట నాకు రుచింపదు. నేల చౌకయైనది పల్లమగుటచేతనే గదా. పల్లమని తెలిసినవారు అమ్మిరి, తెలియనివారు కొనిరి, తెలిసియుండవలసినవారు రోడ్లు వేసి దీపములు పెట్టిరి. కొన్నవానికి ఏరు కనబడలేదు. కనబడినది ఒక మురికికాలువ. తుంగచేతను, చెత్తచేతను, ఇరుప్రక్కలనుండి జరిగివచ్చిన గోడలచేతను దానిని ఏరని గుర్తుపట్టుటయే కష్టమైనది.

2024 ఆగస్టు 31వ తేదిని వాన పట్టుకొన్నది. రాత్రియంతయు విడువలేదు. మైలవరపు కొండలమీదను, పట్టణము మీదను ఒకటే ధార. అదే సమయమున మునేరు పొంగినది, కృష్ణ ఉప్పొంగినది. ప్రకాశము ఆనకట్టయొద్ద ఆ వరద సెప్టెంబరు 2వ తేదికి 11.43 లక్షల క్యూసెక్కులై, అంతకు పూర్వమున్న లెక్కలన్నిటిని మించెను. ఎగువనుండి కొట్టుకొనివచ్చిన పడవలు ఆనకట్ట తలుపుల బరువుదిమ్మలను విరుగగొట్టెను. ఊరివారి కన్నులన్నియు ఆ వైపే. దక్షిణముఖముగా నిలుచుట మనకు అలవాటు గదా.

ఉత్తరమున వెలగలేరు తలుపులు లేచెను. మళ్లింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడెను. సెప్టెంబరు 1వ తేది ఆదివారమునాడు సింగ్ నగరమున జనులు నిద్రలేచి గుమ్మములో నీరు చూచిరి. తమకు ముందుగా మాట చేరలేదని వారు తరువాత వాపోయిరి. మధ్యాహ్నమునకు క్రింది యంతస్తులు మునిగెను. రాయనపాడు రైలుస్టేషను నీటిలో నిలిచెను. పై యంతస్తుల మీదను, డాబాల మీదను జనులు దినములకొలది చిక్కువడిరి. త్రాగునీరు లేదు, దీపము లేదు. పడవలు, హెలికాప్టర్లు, కడకు డ్రోనులు అన్నపుపొట్లములు మోసెను. గండ్లు పూడ్చుటకు సైన్యపు ఇంజనీర్లు వచ్చి, ఇనుపబుట్టలలో రాళ్లు నింపి దింపిరి. 7వ తేదికి మూడవ గండి పూడినది. నీరు కొన్ని పేటలలో వారమునకు పైగా నిలిచెను. తీసినపిదప మిగిలినది బురద. తడిసిన పరుపులు, పుస్తకములు, చెడిన ఆటోలు వీధులకిరుప్రక్కల గుట్టలుపడెను.

కృష్ణకు చరిత్రలో లేనంత వరద వచ్చినది. ఐనను ఇన్ని యిండ్లను ముంచినది కృష్ణ కాదు. కృష్ణకు కట్టలు గలవు, కావలివారు గలరు, లెక్కలు గలవు. ముంచినది వైశాఖమున గేదెలు పడుకొను ఏరు.

పట్టణములు తమ పొట్టి నదులను మరచుట మనయొద్దనే కాదు. లండనునందు ఫ్లీట్ అను నది యుండెడిది. దానిపై వీధి వేసి కప్పివేసిరి. పారిస్ నగరమున బియేవ్ర్ అను ఏటిని సొరంగములోనికి త్రోసిరి. కాని వరద చూచి బుద్ధి తెచ్చుకొన్న పట్టణము తెనుగునాటనే యున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ఊడ్చివేసెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని బిలిపించిరి. నీటిని ఊరిలో ఆపుటకు గాక, ఊరికి ఎగువనే ఆపుటకు ఆయన సలహా చెప్పెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను సిద్ధమయ్యెను. దినకూలికి కొట్టు కట్టియిచ్చుట యనగా నిదియే. మూసీయు మన బుడమేటివలె వాననమ్మిన యేరే.

బుడమేటికి ఎగువను అట్టి కొట్టు కట్టుటకు తావు గలదా, మళ్లింపు కాలువను వెడల్పుచేసిన చాలునా, పాతదారిని కొల్లేటివరకు శుభ్రముచేయవలెనా యని వాదములు జరుగుచున్నవి. నా మట్టుకు, మూడింటిలో నేదియు ఒంటరిగా చాలదని తోచుచున్నది. కాలువను ఎంత వెడల్పుచేసినను కొన కృష్ణలోనే యుండును. పాతదారిని తెరచిన, ఆ నీరు త్వరగా పోయి పడునది కొల్లేటిలో. అక్కడివారి మాట వినక ఇక్కడ నిర్ణయించుట న్యాయము గాదు. కొల్లేరు నేడు పాత కొల్లేరు కాదు. చేపలచెరువుల గట్లు దానిని గళ్లుగళ్లుగా కోసినవి. 1999లో అయిదవ కాంటూరువరకు అభయారణ్యమని ప్రకటించిరి. 2002లో రాంసర్ జాబితాలో చేర్చిరి. 2006లో గట్లు చాలవరకు బ్రద్దలుకొట్టిరి. ఐనను గట్లు మరల లేచుచునే యున్నవి. ఆటపాక యొద్ద గూడబాతులు యేటేట వచ్చి గూళ్లు పెట్టుచున్నవి, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగుచున్నది. ఆ దీవిగ్రామములవారికి ఎగువ పట్టణమునుండి వచ్చు ప్రతి అడుగు నీరును తమ గడపమీది అడుగే.

2024లో సింగ్ నగరము నీరు తీసినదని పత్రికలు వ్రాసిననాటికి ఆ నీరు మాయమైపోలేదు. ఎనికేపాటి సొరంగము దాటి, మెల్లగా తూర్పునకు నడచుచుండెను. నందివాడ మండలమున పొలములు, చెరువులు, గ్రామముల బాటలు మునిగెను. అక్కడివారు గట్లమీద ఇసుకబస్తాలు వేసి కాపలా కాచిరి. బెజవాడలో ఇండ్లు కడుగుకొనుచున్న దినములలోనే వారు, ఉప్పుటేరు ఎప్పుడు లాగునా యని కొల్లేటివైపు చూచుచుండిరి.